చుక్కి చేపిన సాయంత్రం

సుగటూరు చిన్నవెంకటమ్మ పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో ఒక్క రాత్రి కూడా పరాయి ఇంట్లో పడుకోలేదు. ఇది గొప్పకు చెప్పుకునే మాట కాదు, ఆమె కూడా గొప్పగా చెప్పుకోదు. ఆవులున్న ఇల్లాలికి గడియారంలో ఉండేవి రెండే అంకెలు, పొద్దున అయిదు, సాయంత్రం అయిదు. సొంత తల్లి పోయినప్పుడు కూడా పొద్దున పాలు పిండి, డెయిరీలో పోసి, బంగారపేట దగ్గర పుట్టింటికి పోయి, గుండెలు బాదుకుని ఏడ్చి, సాయంత్రం పాలకు వెనక్కి వచ్చేసింది. చూసినవాళ్ళు రాతిగుండె అన్నారు. అన్నవాళ్ళలో ఆవు ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయినప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళంతా గుంపులు గుంపులుగా ధర్మస్థలం అని, మైసూరు అని తిరిగి వచ్చారు. చిన్నవెంకటమ్మ మాత్రం కోలారు దాటలేదు. టికెట్టు ఉచితమే కానీ పొద్దు ఉచితం కాదు కదా.

ఆమె మొగుడు మునిశామప్ప ఇంకో రకం మనిషి. రెండెకరాల రాగిచేను చూసుకుంటాడు గానీ మనసంతా నాటకాల మీదే. చుట్టుపక్కల ఏ ఊళ్ళో జాతరకు నాటకం కట్టినా ఆయనకో వేషం ఉంటుంది. రాజు వేషం కాదు. రాజుకు హితవు చెప్పి, రాజు వినకపోతే నాలుగు పద్యాలు పాడి వెళ్ళిపోయే మంత్రి వేషం. ఇంట్లో ఆయన మాట ఎలాగూ ఎవరూ వినరు, సభలోనైనా నోరు విప్పనీ అని ఊళ్ళో ఆటపట్టిస్తారు. గొంతు సంగతికి వచ్చేసరికి మాత్రం ఎవరూ ఆటపట్టించరు. డెయిరీ దగ్గర వరసలో నిలబడినప్పుడు ఆడవాళ్ళు చెబుతారు. "నిన్న రాత్రి మీ ఆయప్ప పాడతా ఉంటే మా ముసలోడు గూడా నిద్ర లేసి కూర్చున్న్యాడమ్మా" అని. చిన్నవెంకటమ్మ నవ్వి తన క్యానును ముందుకు జరుపుతుంది.

ఆ గొంతును ఆమె ఎన్నడూ వినలేదు. నమ్మశక్యంగా లేదు కానీ నిజం. నాటకాలు రాత్రి పదికి మొదలవుతాయి, మంత్రి వచ్చేది ఏ మూడు గంటలకో. అప్పుడు మేలుకుని ఉంటే అయిదుకు పొదుగు కింద కూర్చునే ఓపిక ఉండదు. మొదట్లో పిల్లల చంటితనం, తర్వాత అత్త మంచాన పడటం, ఎప్పుడూ ఆవులు. ఒక్కసారి సొంత ఊళ్ళోనే నాటకం పడితే చాప తీసుకుని పోయి ముందు కూర్చుంది. మంత్రి రాకముందే ఆవు ఈనుతూ ఉందని కబురొచ్చింది. ఇంట్లో పాడమంటే మునిశామప్ప పాడడు. వేషం నేర్పిన మాస్టరు ఎప్పుడో చెప్పాడట, ఇంట్లో పాడిన గొంతు గిన్నెల చప్పుడులో కలిసిపోతుంది, రంగం మీద నిలబడదు అని. మాస్టరు పోయి ఇరవై ఏళ్ళయింది, ఆయన మాట మాత్రం ఇంట్లో పాతుకుని కూర్చుంది. సాధన చేయాలన్నా మామిడితోపు అవతలి గట్టుకు పోతాడు.

అయినా వేషానికి పోయే ప్రతిసారీ గడపలో నిలబడి అడుగుతాడు. "ఈ తూరన్నా వస్తావా?"

"చూస్తాంలే," అంటుంది ఆమె.

ఆయన ఒక్కడే పోతాడు. ముప్పై నాలుగేళ్ళుగా గడపలో ఇదే నడుస్తోంది.

ఈ మాఘమాసంలో మైసూరు నుంచి ఒక నాటక కంపెనీ వచ్చింది. ఊరూరా తిరిగే కంపెనీ. కేజీఎఫ్ బంగారు గనుల కథను మొత్తం పాటలతోనే నడిపిస్తారట. అక్కడే చాంపియన్ రీఫ్స్‌లో గనుల కాలం నాటి ఒక పాత హాలును శుభ్రం చేసి, ఆదివారం మధ్యాహ్నం ఒకే ఒక ఆట అన్నారు. ఆ కంపెనీకి ఒక పద్ధతి ఉంది. ఆడే ప్రతి చోటా ఒక పాటను ఆ జిల్లా గొంతుకే ఇస్తారు. గని మూసిన నాడు ఒక ముసలి కార్మికుడు చివరిసారి పైకి వచ్చి పాడే పాట అది. కంపెనీ పెద్ద హేమంత్ అని, జాతరల్లో గొంతులు వెతుక్కుంటూ వచ్చి మునిశామప్పను పట్టుకున్నాడు. పాట తెలుగులో ఉండనీ, మీ యాసలోనే ఉండనీ అన్నాడు.

ఆ సంగతి చెప్పడానికి మునిశామప్ప కొట్టంలోకి వచ్చినప్పుడు ఆమె పేడ ఎత్తుతోంది.

"మూడు గంటలకి మొదలు. నా పాట అయిదుంబావుకి. రాత్రి లేదు, జాగారం లేదు. వస్తావా?"

"వస్తా," అంది చిన్నవెంకటమ్మ.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం. మునిశామప్ప అయితే ఇంకేం చెయ్యాలో తెలియక, ఆమె చేతిలోని గంప తీసుకుని తనే పేడ మోసుకుపోయాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన పేడగంప ముట్టుకోవడం అదే మొదలు.

కోడలు నేత్రావతి చూసుకుంటానంది. నేత్రావతి నెమ్మదైన పిల్ల, చేతిలో పని నేర్పు ఉంది. మూడు ఆవుల్లో రెండు ఎవరు కూర్చున్నా పాలిస్తాయి. మొగుడు ఒప్పుకున్నాడు, కోడలు ఒప్పుకుంది, ఇక ఒప్పుకోవలసింది చుక్కి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. నొసట తెల్లచుక్క ఉన్న ఆ ఆవు ఈని ఇరవై రోజులు. పూటకు పది లీటర్లు ఇస్తుంది, చిన్నవెంకటమ్మ చేతికి తప్ప ఇంకెవరికీ చేపదు. పాలు పొదుగులోనే బిగబట్టుకుంటుంది. ఒక్క పూట బిగబట్టినా పొదుగు వాస్తుంది, వాచిందంటే ఆ ఈత పాలు పోయినట్టే.

అయితే దీనికో ఉపాయం పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. రోజూ పిండే మనిషి చీరను ఇంకొకరు కట్టుకుని కూర్చుంటే, ఆవు ఆ వాసన చూసి నమ్ముతుంది. మగవాళ్ళు కూడా పెళ్ళాం చీర చుట్టుకుని పిండుతారు, ఎవరూ నవ్వరు. చిన్నవెంకటమ్మ కొట్టంలోకి కట్టే నీలిచీర ఒకటుంది. ఏడాదిగా అదే కడుతోంది. పేడ, పాలు, చెమట, బూసా దాణా, అన్నీ దానికి పట్టి ఉన్నాయి. శనివారం దాన్ని తీసి కోడలి కోసం మడతపెట్టబోయి, ఎందుకో మడత విప్పి చూసింది. సిగ్గేసింది. డిగ్రీ చదివిన పిల్ల. ఇంత కంపు చీరను ఒంటికి చుట్టుకోమని ఎట్లా ఇవ్వడం, పుట్టింట్లో ఏమని చెప్పుకుంటుంది అనుకుంది. సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికి, వాసన నీళ్ళలో ముంచి, ఎండలో ఆరేసి, దిండు కింద పెట్టి ఇస్త్రీ చేసినంత నున్నగా మడిచి కోడలి చేతిలో పెట్టింది. మర్యాద పని చేశాననుకుంది. ముప్పై నాలుగేళ్ళ పాడి చేసిన మనిషికి ఆ పూట బుద్ధి ఎక్కడికి పోయిందో మరి.

ఆదివారం పొద్దున పాలు పోసి, అన్నం వండి పెట్టి, పెట్టెలోని ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని బస్సెక్కింది. మునిశామప్ప ముందురోజే వెళ్ళిపోయాడు. కోలారులో బస్సు మారి, రాబర్ట్‌సన్‌పేటలో దిగి, ఆటోలో చాంపియన్ రీఫ్స్ చేరేసరికి రెండున్నర. పాత గని షాఫ్టు మీద ఇనుప చక్రం తుప్పు పట్టి నిలబడి ఉంది. దాని కిందే హాలు, రేకుల కప్పు, ఎత్తు తలుపులు. మునిశామప్ప అప్పటికే మొహానికి నల్లరంగు పూసుకుని పక్కవాకిట్లో నిలబడి ఆమె కోసం చూస్తున్నాడు.

"మూడో వరసలో నడిమధ్యన కూర్చో," అన్నాడు. "నీ పక్కే చూసి పాడతా."

"ముందు నువ్వు మరిచిపోకుండా పాడు," అంది ఆమె. ఆయన నవ్వాడు, నల్లరంగులో పళ్ళు మాత్రం కనబడ్డాయి.

మూడో వరస నడిమధ్యన కూర్చుంది. అటు పదిమంది, ఇటు పదిమంది. ఫోన్లు ఆపండి, వీడియోలు తీయకండి, తీస్తే ఆట ఆపేస్తాం అని మైకులో చెప్పారు. ఆమె ఫోను ఆపలేదు. చప్పుడు రాకుండా కోడలు సర్ది ఇచ్చింది, దాన్ని నడుముకున్న తిత్తిలో దోపుకుంది.

తర్వాత చీకటి పడి, రంగం మీద వెలుగు పడింది.

అట్లాంటిది ఆమె జన్మలో చూడలేదు. కర్రలతో, నల్లగుడ్డతో చేసిన కేజి పైనుంచి దిగింది. గనిలోకి మనుషులను దించే ఇనుప పంజరం నమూనా అది, దాంట్లో పన్నెండు మంది నిలబడి పాడుతూ పాడుతూ నేలలోకి దిగిపోయారు. ఇక్కడ పాట మాటల మధ్యలో రావడం కాదు, మాటే పాట. కూరగాయల బేరం పాటలోనే, మొగుడూ పెళ్ళాల పోట్లాట పాటలోనే, ఒక పాటలో తెలుగు, అరవం, కన్నడం మూడూ ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి, అచ్చం కేజీఎఫ్ బజారులో దొర్లినట్టే. వంకాయల బేరం పాటకు ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంత సుఖం ఒకటి ఉందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే అనుకుంది. చెప్పాడు, ప్రతిసారీ గడపలో నిలబడి చెబుతూనే ఉన్నాడు అని వెంటనే గుర్తొచ్చి బాధ కలిగింది.

సైరన్ మోగితే దిగాలి, సైరన్ మోగితే ఎక్కాలి, నడుమ మన పొద్దు మనది కాదు అని కార్మికులు వరసగా నిలబడి పాడారు. ఆమె అది విని, వీళ్ళకు సైరన్, నాకు చుక్కి పొదుగు అనుకుంది. వీళ్ళ గని ఎప్పుడో మూసేశారు, వీళ్ళు నయం.

విరామంలో కోడలికి ఫోను చేసింది. బూసా పెట్టినా అత్తా, నీళ్ళు పెట్టినా, అంతా బాగుండాది, నువ్వు సూడు అని నేత్రావతి చెప్పింది. చిన్నవెంకటమ్మ తిరిగి వచ్చి మూడో వరసలో కూర్చుంది. కూర్చుంది గానీ, పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, చుక్కి ఆమెతోనే ఉంది. అయిదవుతుండగా ఆమె వేళ్ళు వాటంతట అవే కదలడం మొదలుపెట్టాయి. బొటనవేలు మడిచి, విప్పి, మడిచి. పక్క సీటు ఆవిడ వింతగా చూస్తే రెండు చేతులూ కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

అయిదు దాటి అయిదు నిమిషాలకు నడుము దగ్గర ఫోను అదిరింది. ఆగింది. మళ్ళీ అదిరింది. మూడోసారి అదిరినప్పుడు ఆమె లేచింది. మునిశామప్ప పాటకు ఇంకా పది నిమిషాలుంది, రెండు నిమిషాల్లో మాట్లాడి వచ్చేస్తాననుకుంది. మోకాళ్ళ మీదుగా, చెప్పుల మీదుగా, విసుగుల మీదుగా తోసుకుంటూ తలుపు దాకా పోయింది. తలుపు దగ్గర కంపెనీ అమ్మాయి అర్పిత అని ఉంది. మెల్లగా తలుపు తీసి ఆమెను వరండాలోకి పంపింది.

"అత్తా," అంది నేత్రావతి. "నాలుగున్నరకే కూర్చున్న్యా. రెండూ ఇచ్చినాయి. చుక్కి ఇయ్యలా. చెంబు తన్నేసింది. నా పక్క తిరిగి బుస కొడతా ఉండాది. పొదుగు రాయి మాదిరి అయిపోయింది."

"చీర కట్టుకున్న్యావా?"

"కట్టుకున్న్యా అత్తా. వాసన చూసి చూసి మొగం తిప్పేసింది. ఇది నీ చీరేనా? సోపు వాసన తప్ప ఇంగేం వాసనా లేదే."

చిన్నవెంకటమ్మ వరండా స్తంభాన్ని పట్టుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకు తాను చేసిన పని. కోడలి ముందు మర్యాద నిలబెట్టుకోవాలని తన వాసనంతా తానే ఉతికి మోరీలో పారబోసింది. వేరే చీర ఉందా అంటే, ఉన్నవన్నీ శనివారమే ఉతికింది, పొద్దున కట్టుకున్నదీ బయలుదేరేముందు సబ్బు నీళ్ళలో నానేసి వచ్చింది. ఇంటికి పోదామంటే రెండు బస్సులు, రెండు గంటలు.

"ఫోను స్పీకర్లో పెట్టు," అంది చివరకు. "దాని చెవి కాడ పెట్టి నువ్వు పొదుగు కింద కూర్చో. నేను మాట్లాడతా."

"ఏం మాట్లాడతావత్తా?"

"రోజూ మాట్లాడేదే. కూర్చో."

రోజూ మాట్లాడేదే మాట్లాడింది. "ఏందే చుక్కీ, నా బంగారూ, ఏంటికే అలిగినావు? దా తల్లీ దా. బూసా తిన్న్యావా? ఆ పిల్ల మన పిల్లేనే, దాన్ని తన్నొచ్చునా? హో, హో, దా..." పట్టుచీర కట్టుకున్న ఆడమనిషి వరండాలో నిలబడి ఆవును బుజ్జగిస్తుంటే, టీ తాగడానికి వచ్చినవాళ్ళు తిరిగి చూశారు. ఆమెకు వాళ్ళెవరూ కనబడలేదు. అటు నుంచి చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక చిన్న చప్పుడు, ఖాళీ చెంబులో సర్రున పాలధార.

"చేపింది అత్తా," గుసగుసగా అంది నేత్రావతి.

అప్పుడే లోపల హార్మోనియం మొదలైంది.

చిన్నవెంకటమ్మ మాట ఆపింది, తలుపు వైపు అడుగేసింది. "అత్తా, బిగబట్టేసింది," అంది కోడలు వెంటనే. ఆమె మళ్ళీ మాట్లాడింది. ధార వచ్చింది. ఆపితే ఆగిపోతోంది, మాట్లాడితే వస్తోంది. మాట్లాడుతూనే తలుపు దగ్గరకు పోయి తోసింది, తలుపు రాలేదు. అర్పిత లోపలి నుంచి గడియ వేసి ఉంది, ఈ పాటకు వెలుగు పడకూడదని వాళ్ళ నియమం. సందులోంచి అర్పిత మొహం కనబడితే ఆమె రెండు చేతులూ జోడించింది. అర్పిత తల అడ్డంగా ఊపి, "అమ్మా, ఈ హాడు, అదే ఈ పాట, అయిపోనీ. స్వల్ప మెల్లగా మాట్లాడమ్మా, లోపలికి వినిపిస్తుంది," అని బతిమాలింది.

ఇక ఆమె వరండా చివరకు వచ్చేయాల్సి వచ్చింది. అంత దూరం నుంచి కూడా మునిశామప్ప గొంతు లేచింది. అది ఆయన గొంతేనని పోల్చుకోవడానికే ఆమెకు కొంచెం సేపు పట్టింది. చెవి రిక్కిస్తే ఒక మాట అందేది, ఆ మాట పూర్తయ్యేలోపు తాను "దా తల్లీ" అనాలి. ఆమె గొంతే ఆయన గొంతుకు అడ్డం పడుతోంది. లోపల ఆయన మూడో వరస నడిమధ్యకు చూసి పాడుతున్నాడు. ఇక్కడ ఆమె ఏడుస్తూ, ఏడుపు గొంతులోకి రానీయకుండా, ఆవుకు కథలు చెబుతోంది. ఏడుపు వినబడితే చుక్కి బెదురుతుంది.

పది నిమిషాలు మాట్లాడింది. హాలంతా లేచినట్టు చప్పట్లు మోగాయి, ఎంతకీ ఆగలేదు.

"పది లీటర్లు అత్తా," అంది నేత్రావతి సంతోషంగా. "నురగ పొంగి పోతా ఉండాది. నువ్వు పోయి నాటకం సూసుకో ఇంగ."

ఆట అయ్యాక మునిశామప్ప చుట్టూ జనం. ఎవరో శాలువా కప్పారు. గనుల్లో పనిచేసిన ఒక ముసలాయన ఆయన చేతులు పట్టుకుని వదలలేదు. చిన్నవెంకటమ్మ గోడ పక్కన నిలబడి చూసింది. మొగుడిని అంత మంది మధ్య చూడటం ఆమెకు అదే మొదలు.

ఏడుగంటల కోలారు బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. మునిశామప్ప చెవుల వెనక రంగు పోలేదు. బస్సు ఊరి పొలిమేర దాటింది. తర్వాత అడిగాడు.

"ఎట్లుండాది?"

"బాగుండాది."

"కండ్లు ఎర్రగా ఉండాయి. ఏడ్సినావా?"

"ఏడ్సినాను," అంది ఆమె. అది అబద్ధం కాదు.

మునిశామప్ప కిటికీ వైపు తిరిగాడు. ఇటు తిరిగినప్పుడు ఆయన కళ్ళు కూడా అట్లాగే ఉన్నాయి.

"ఆ లైట్లు మొగం మీద పడితే ఏమీ కనబళ్ళేదు," అన్నాడు. "మూడో వరస నల్లగా ఉండె. అయినా నువ్వుండావు కదా అని అటే చూసి పాడినా. ముప్పై ఏండ్లు పాడినానే, ఈ పొద్దు పాడినట్టు ఎప్పుడూ పాడలేదు. అది నాకే తెలస్తా ఉండాది."

చిన్నవెంకటమ్మ ముందు సీటు కమ్మీ పట్టుకుంది. ఇప్పుడే చెప్పాలి, ఇంటికి పోయేలోపు చెప్పాలి అనుకుంది. వినలేదు, ఇంకోసారి పిలువు, ఈసారి ఏమైనా సరే వింటాను అని చెప్పాలి.

"ఇంగ చాలమ్మే," అన్నాడు మునిశామప్ప. "ఒక్క తూరి విన్న్యావు, నాకదే చాలు. ఆవులుండాయి, నీ కష్టం నాకు తెలీదా? ఊరికే గడపలో నిలబడి వస్తావా వస్తావా అని నిన్ను పీడిస్తా ఉంటి. ఇంగ మీదట అడగను."

ఆమె నోరు తెరిచింది. ఆయన మొహం చూసింది.

"అట్లే కానీలే," అంది.